సౌజన్యమూర్తి డాక్టర్ జాకిర్ హుస్సేన్

ఎన్నికలు సమీపించిన దినాలలో కార్యాలయాలలోను, కళాశాలల అధ్యాపక మందిరాలలోను ఒక విచిత్రమైన పరిణామం గోచరిస్తుంది. అంతవరకు ఒకే బల్ల వద్ద కూర్చుండి, ఒకే కూజాలోని నీరు త్రాగి, ఒకరి పిల్లల చదువులను గురించి మరొకరు విచారించుకొనే మిత్రులు హఠాత్తుగా మౌనం వహిస్తారు. నా ఉద్యోగ జీవితపు తొలినాళ్ళలో ఇట్టి ఇరువురు పెద్దలను చూచినాను. ఇరువురును విద్వాంసులే. ఒకరు పాలకపక్షమునకు, ఇంకొకరు ప్రతిపక్షమునకు అభిమానులు. ఒకనాటి మధ్యాహ్నం మాట మీద మాట పెరిగింది. ఎన్నికలు ముగిసినవి. గెలిచినవారు, ఓడినవారు శాసనసభ ప్రాంగణంలో కరచాలనాలు చేసుకొన్నారు. మా పెద్దలిద్దరు మాత్రం, వారిలో ఒకరికి బదిలీ అయ్యేవరకు, టీ త్రాగే వేళలు సైతం వేరుచేసుకొని గడిపారు. వీడ్కోలు సభలో రెండవవారు వెనుక వరుసలో కూర్చుండి, మాట్లాడకనే వెళ్ళిపోయారు.

ఆ దృశ్యం మనసున మెదలినప్పుడెల్లా నాకు డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం జ్ఞాపకం వస్తుంది. ఆయనను మన విద్యార్థులు సాధారణంగా భారతదేశపు మూడవ రాష్ట్రపతిగా, ఆ పదవి నలంకరించిన తొలి ముస్లింగా ఎరుగుదురు. పరీక్షలకు అంతమాత్రం తెలిసిన చాలును. కాని ఆయన జీవితంలో నన్ను ఆకర్షించేది రాష్ట్రపతి భవనం కాదు. పరస్పరం ముఖాలు చూచుకొనుటకు ఇష్టపడని కాలంలో, తనతో ఏకీభవించని వారితో ఆయన ఏ విధంగా కలిసి పనిచేశారన్నదే నాకు ముఖ్యం.

ఆయన మన హైదరాబాదు బిడ్డ. 1897 ఫిబ్రవరి 8వ తేదీన ఈ నగరంలోనే జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరాదిన ఫరూఖాబాద్ జిల్లాలోని ఖాయింగంజ్ నుండి వచ్చి, నిజాం రాజ్యంలో న్యాయవాదిగా పేరుగడించిన పఠాన్ వంశీయుడు. 1907లో ఆయన అకాల మరణం పొందగా కుటుంబం తిరిగి ఖాయింగంజ్ చేరింది. బాలుడు ఇటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో చదువుచుండగా 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకొనిపోయింది. పదునాలుగేండ్లకే తల్లిదండ్రులిద్దరును లేనివాడై, తనకంటె చిన్నవారైన తమ్ముల బాధ్యతలో పాలుపంచుకొన్నాడు. ఆ తమ్ములలో ఇరువురిని ఇక్కడనే పేర్కొనాలి. ఒకరు యూసుఫ్ హుస్సేన్. ఈయన మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సుదీర్ఘకాలం చరిత్రాచార్యులుగా పనిచేసిన పండితుడు. మరొకరు మహమూద్ హుస్సేన్. ఈయన ప్రసక్తి మరల వస్తుంది.

అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో జాకిర్ హుస్సేన్ చదువు సాగింది. 1920లో ఖిలాఫత్, సహాయ నిరాకరణోద్యమాలు ఆ కళాశాలను రెండుగా చీల్చినవి. ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాన్ని విడిచిపెట్టవలెనని గాంధీజీ, అలీ సోదరులు పిలుపునిచ్చారు. విడిచిపెట్టినవారు 1920 అక్టోబరు 29న జామియా మిలియా ఇస్లామియాను స్థాపించారు. విడిచిపెట్టనివారు అక్కడనే ఉండిపోయారు. అప్పటికి జాకిర్ హుస్సేన్ ఎం.ఏ. విద్యార్థి, వెలుపలికి వచ్చినవారిలో ముందువరుసలోనివాడు. నిన్నటివరకు ఒకే వసతిగృహంలో ఉన్న స్నేహితులు ఒకరినొకరు ద్రోహులని, పిరికివారని నిందించుకొన్న రోజులవి. ఈ చీలికను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇరువది ఎనిమిది సంవత్సరాల తరువాత ఆయన తాను విడిచివచ్చిన ఆ ద్వారం గుండానే తిరిగి లోపలికి వెళ్ళవలసి వచ్చింది.

1922లో జర్మనీ వెళ్ళి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1926లో మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్ గార్లతో కలిసి తిరిగివచ్చి జామియాలో చేరారు. అప్పటికి జామియా అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారింది, చందాలు ఆగిపోయినవి, మూసివేయుటయే మేలని పెద్దలు కొందరు తలపోయుచున్నారు. ఇరువది తొమ్మిదేండ్ల వయస్సున జాకిర్ హుస్సేన్ ఆ సంస్థకు షేక్-ఉల్-జామియా, అనగా ఉపాధ్యక్షుడు, అయినారు. 1927 డిసెంబరులో సంస్థకు ప్రధానాధారమైన హకీం అజ్మల్ ఖాన్ మరణించుటతో ఆర్థిక పరిస్థితి మరింత దుర్భరమైంది. అప్పుడు అధ్యాపకులు కొందరు కలిసి, ఇరువది సంవత్సరాలపాటు నెలకు నూటయాభై రూపాయలకు మించని జీతంతో సేవచేస్తామని ప్రతిజ్ఞ పూనారు. చేతికందేది తరచు అందులో సగమైనా ఉండేది కాదు.

ఈ అధ్యాపకులందరును ఒకే రాజకీయాభిప్రాయం కలవారనుకొంటే పొరపాటు. కాంగ్రెసువాదులు కలరు, రాజకీయాలంటే విముఖులు కలరు, మతాచారపరాయణులు కలరు, పాశ్చాత్య విద్యాసంస్కారం గలవారు కలరు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు కఠినమైన ప్రశ్న ఉదయించింది. సంస్థ యావత్తు ఉద్యమంలోకి దూకవలెనా, లేక తరగతులు నడుపవలెనా? షఫీఖుర్ రహమాన్ కిద్వాయ్ వంటి సహోద్యోగులు సత్యాగ్రహంలో చేరి చెరసాలకు వెళ్ళారు. జాకిర్ హుస్సేన్ వెళ్ళలేదు. వ్యక్తులు తమ అంతరాత్మను అనుసరించవచ్చును గాని పాఠశాలను ఏ పక్షానికీ అంకితం చేయరాదని ఆయన దృఢాభిప్రాయం. వెళ్ళినవారిని ఆయన మందలించలేదు, వెళ్ళనివారిని వారు హేళన చేయలేదు. కిద్వాయ్ తిరిగివచ్చి మరల జామియా పనిలోనే నిమగ్నులైనారు. చెరసాలకు వెళ్ళిన దేశభక్తుడును, వెళ్ళని దేశభక్తుడును ఒకే అధ్యాపక మందిరంలో కూర్చుండుట ఆ రోజులలో ఎంత కష్టమో ఊహించుకొనవలసినదే.

ఆయన ఒప్పించే తీరును గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. జామియా విద్యార్థులు బూట్లు శుభ్రపరచుకొనక తరగతులకు వచ్చుచుండెడివారు. నోటీసులు పనిచేయలేదు. ఒకనాడు ద్వారం వద్ద ఒకడు పాలిషు డబ్బీ, బ్రష్షు పట్టుకొని కూర్చున్నాడు. దగ్గరకు వచ్చి చూస్తే ఆయన షేక్-ఉల్-జామియా. మరునాటి నుండి ఆ సమస్య లేదు. ఈ కథను పిల్లలకు వినయపాఠంగా చెప్పుట ఆచారం. నాకు మాత్రం ఇందులో ఆయన స్వభావపు కీలకం కనిపిస్తుంది. ఎదుటివాని తప్పును నలుగురిలో నిరూపించుటకంటె, అతడు తనంతట తానే మారుటకు చోటు విడిచిపెట్టుట ఆయన పద్ధతి. ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. ఆయన మృదువైన మౌనాన్ని అంగీకారంగా భావించి, తరువాత ఆయన అభిప్రాయం వేరని తెలిసి నొచ్చుకొన్నవారు ఉండి ఉంటారు. మర్యాద ఎక్కువైనచోట మాట స్పష్టత తగ్గే ప్రమాదం ఉన్నది.

అయితే స్పష్టంగా చెప్పవలసిన చోట ఆయన వెనుకాడలేదనుటకు వార్ధా సభ నిదర్శనం. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జాతీయ విద్యా సమావేశం జరిగింది. చేతిపని ద్వారా విద్య గరపవలెనని, పిల్లలు తయారుచేసే వస్తువుల విక్రయంతో పాఠశాల తన ఖర్చును తానే భరించుకోవలెనని గాంధీజీ ప్రతిపాదన. సభలోని వారిలో అధికులు ఆయన అనుయాయులు. ఆ సభలో జాకిర్ హుస్సేన్ లేచి, పని ద్వారా విద్య అనే భావం విద్యావేత్తలకు క్రొత్తది కాదని, దానిని తాను హృదయపూర్వకంగా సమర్థిస్తానని చెప్పి, స్వయంపోషకత్వంపై మితిమీరిన ఒత్తిడి పెడితే ఉపాధ్యాయుడు బీద పిల్లల చేత చాకిరీ చేయించే యజమానిగా మారగలడని హెచ్చరించారు. మహాత్ముని సమక్షంలో, మహాత్మునికి అత్యంత ప్రియమైన అంశం మీద ఇట్టి విమర్శ! గాంధీజీ నొచ్చుకొనలేదు సరికదా, పాఠ్యప్రణాళికను రచించే సంఘానికి ఈ విమర్శకునే అధ్యక్షునిగా నియమించారు. ఆ సంఘపు నివేదికయే జాకిర్ హుస్సేన్ కమిటీ నివేదికగా ప్రసిద్ధికెక్కింది. మరుసటి సంవత్సరం ఏర్పడిన హిందుస్తానీ తాలీమీ సంఘానికి కూడా ఆయనయే అధ్యక్షుడైనారు. ఈ ఘట్టంలో ఇద్దరి గొప్పదనమూ ఉన్నది. ఎవరిది ఎక్కువో నేను చెప్పలేను.

వార్ధా ప్రణాళికతో ఆయనకు క్రొత్త చిక్కు వచ్చిపడింది. ముస్లిం లీగు ఆ ప్రణాళికను తీవ్రంగా నిరసించింది. అది కాంగ్రెసు విద్య అనియు, ముస్లిముల సంస్కృతికి హాని అనియు ప్రచారం సాగింది. నివేదికపై తన పేరున్న కారణాన జాకిర్ హుస్సేన్ లీగు అభిమానుల దృష్టిలో అనుమానితుడైనారు. మరొకవైపు, మతవిద్యకు చోటిచ్చి, ముస్లిం సంస్థగానే నిలిచిన జామియాను సంశయంతో చూచే జాతీయవాదులు లేకపోలేదు. నడిమి దారిన పోవువానికి ఇరుప్రక్కల ముళ్ళే.

ఆ ముళ్ళు ఇంటిలోపల కూడా ఉండెను. పైన పేర్కొన్న తమ్ముడు మహమూద్ హుస్సేన్ జామియాలో చదివినవాడే. జర్మనీలో డాక్టరేటు పొంది ఢాకా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించుచుండెను. ఆయన ముస్లిం లీగు పక్షం వహించారు. దేశవిభజనానంతరం పాకిస్తాన్ రాజ్యాంగ సభలో సభ్యులై, 1950వ దశకం ఆరంభంలో ఆ దేశపు విద్యామంత్రి అయినారు. కాంగ్రెసు నాయకుల ఆప్తుడైన అన్న, లీగు నాయకుల ఆప్తుడైన తమ్ముడు! ఇట్టి కుటుంబాలు ఆ కాలంలో ఉత్తరాదిన వేలకొలది. కొన్నింటిలో పండుగనాడు సైతం మాటలు లేకపోయెను. ఈ అన్నదమ్ముల బంధం మాత్రం తెగలేదు. తమ్ముడు కరాచీ సమీపమున మలీర్‌లో ఒక విద్యాసంస్థను స్థాపించినప్పుడు దానికి జామియా మిలియా అనియే నామకరణం చేశారు. రాజకీయంలో అన్నను కాదన్నవాడు విద్యలో అన్న బాటనే పట్టినాడు.

ఇక 1946వ సంవత్సరం. ఆగస్టు 16న కలకత్తాలో మారణకాండ మొదలైంది. అక్టోబరులో నవఖాలీ, ఆ వెంటనే బీహారు. సెప్టెంబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడగా, అక్టోబరు 26న ముస్లిం లీగు ప్రతినిధులు ఐదుగురు అందులో చేరారు. పేరునకు ఒకే మంత్రిమండలి. వాస్తవానికి ఒకే గదిలో రెండు శిబిరాలు. మంత్రిమండలి సమావేశానికి ముందు సభ్యులు టీ త్రాగుచు ఇష్టాగోష్ఠిగా మాట్లాడుకొనే పద్ధతిని నెహ్రూ ప్రవేశపెట్టారు. లీగు మంత్రులకు ఆ ఆహ్వానం నెహ్రూ ఆంతరంగిక కార్యదర్శి ద్వారా వెళ్ళగా, లియాఖత్ అలీ ఖాన్ దానిని అవమానంగా భావించారని మౌలానా ఆజాద్ తన గ్రంథంలో వ్రాశారు. లీగు సభ్యులు ఆ గోష్ఠికి రాలేదు. నలుబది కోట్ల ప్రజల భవిష్యత్తు ఒక టీ పిలుపు ఎవరి చేతిమీదుగా వచ్చిందన్న మర్యాద ప్రశ్న దగ్గర తగులుకొన్నది! మా అధ్యాపక మందిరంలోని ఇరువురు పెద్దలను నేను కఠినంగా నిందించలేకపోవుటకు ఇదియు ఒక కారణం.

సరిగా అట్టి సమయంలో, నవంబరు మాసంలో, జామియా తన రజతోత్సవం జరుపుకొన్నది. ఉత్సవం వాయిదా వేయుమని హితవు చెప్పుటకు ఎవరికైనా కారణాలు కోకొల్లలు. జాకిర్ హుస్సేన్ వాయిదా వేయలేదు. కాంగ్రెసు నాయకులనే పిలిచి తృప్తిపడనూ లేదు. లీగు నాయకులను కూడా అదే గౌరవంతో ఆహ్వానించారు. కాంగ్రెసు తన పక్షాన ఒక ముస్లింను ప్రభుత్వంలో నియమించుటకే వీలులేదని ఆ సంవత్సరమంతా వాదించిన మహమ్మద్ అలీ జిన్నాను, కాంగ్రెసుకు సన్నిహితుడైన ఒక ముస్లిం విద్యావేత్త తన ఇంటి ఉత్సవానికి పిలిచాడు. జిన్నా వచ్చారు. సోదరి ఫాతిమా జిన్నా వచ్చారు. లియాఖత్ అలీ ఖాన్ వచ్చారు. అదే వేదికపై నెహ్రూ, మౌలానా ఆజాద్, రాజగోపాలాచారి, ఆసఫ్ అలీ ఆసీనులైనారు. టీ గదిలో కలియనివారు పాఠశాల పందిరి క్రింద కలిశారు.

ఆనాటి ఆయన ఉపన్యాసం ఉర్దూ గద్యంలో నేటికిని ప్రశంసింపబడుచున్నది. దాని సారాంశం మాత్రం చెబుతాను. అతిథులను రాజకీయాకాశపు తారలుగా సంబోధించి, లక్షలాది హృదయాలలో వారికున్న స్థానాన్ని గుర్తుచేసి, ఆ అవకాశాన్ని వినియోగించుకొని విద్యాసేవకుల వేదనను విన్నవిస్తున్నానన్నారు. చుట్టును ద్వేషాగ్ని ప్రజ్వరిల్లుచుండగా ఒక మూల కూర్చుండి పూలమొక్కలకు నీరుపోయుట ఉన్మాదంవలె తోచుచున్నదని బాధపడ్డారు. ఈ నిప్పు ఎవరు పెట్టారన్న విచారణకు ఇది సమయం కాదని, ముందు ఆర్పవలెనని, ఏ జాతి నిలుచునన్నది కాక మానవత్వమా, మృగత్వమా అన్నదే ప్రశ్న అని చేతులు జోడించినంత పని చేశారు. ఒక్క పక్షాన్ని వేలెత్తి చూపలేదు. ఒక్క పక్షాన్ని మినహాయించనూ లేదు.

ఫలితమేమి? విద్యార్థులు ఈ ప్రశ్న తప్పక అడగాలి. ఫలితం కనబడలేదు. అతిథులు తమతమ వాహనాలలో వెళ్ళిపోయారు. తొమ్మిది మాసాలలో దేశం విభజింపబడింది. సౌజన్యం చరిత్రను ఆపలేకపోయినదని ఎవరైనా ఆక్షేపిస్తే కాదనుటకు నాకు ఆధారం లేదు. నిప్పు పెట్టినవాని పేరు చెప్పకపోవుట న్యాయమేనా అని అడిగేవారికి సైతం సులభమైన జవాబు లేదు. ఇండ్లు కాలినవారు ఆ ప్రశ్న అడుగుటకు హక్కుదారులు. అయినను నాకు తోచేదొకటి. ఆ సాయంకాలం ఆయన ఒక పక్షాన్ని నిందించి ఉంటే సగం సభ చప్పట్లు కొట్టెడిది, సగం సభ లేచిపోయెడిది. ఎవరూ లేచిపోలేదు.

1947 ఆగస్టులో ఆయన కాశ్మీరు ప్రయాణంలో ఉండగా జలంధర్ స్టేషనులో అల్లరిమూక చేత చిక్కారు. మరణం చేయి చాచినంత దూరాన నిలిచింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను గుర్తించి ప్రాణాలకు తెగించి కాపాడారు. ఆయన ఢిల్లీ చేరేసరికి ఆ నగరం కూడా మండుచున్నది. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకశాల దగ్ధమైంది. ఓఖ్లాలోని క్రొత్త ఆవరణలో అధ్యాపకులు, పిల్లలు రాత్రులు మేలుకొని కాపలా కాచారు. సెప్టెంబరులో ఢిల్లీ చేరిన గాంధీజీ జామియాకు స్వయంగా వచ్చి వారిని పరామర్శించారు. ఆ మరణముఖపు అనుభవం తరువాత జాకిర్ హుస్సేన్ ప్రసంగాలలో ఆ మూకకు చెందిన మతం మీద ద్వేషం వినిపించలేదు. తనను రక్షించిన ఇరువురి ప్రసక్తియే మిగిలింది.

ఇప్పుడు అలీగఢ్. విభజనకు ముందు దశాబ్దంలో అలీగఢ్ విశ్వవిద్యాలయం లీగు ఉద్యమానికి ఆయుధాగారం వంటిదని పేరుపొందింది. అక్కడి విద్యార్థులు ఊరూర లీగు ప్రచారం చేశారు. 1947 తరువాత ఎందరో అధ్యాపకులు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. మిగిలినవారు భయంతో, అవమానంతో, రేపు ఏమగునో అన్న చింతతో ఉన్నారు. విశ్వవిద్యాలయాన్ని మూయించవలెనన్న కోపపు మాటలు కూడా వినవచ్చినవి. అప్పటి ఉపాధ్యక్షుడు నవాబు ఇస్మాయిల్ ఖాన్ లీగు ప్రముఖుడు. ఆయన స్థానాన 1948లో జాకిర్ హుస్సేన్ వచ్చారు. విద్యామంత్రి ఆజాద్ కోరిక అది. 1920లో ఆ విద్యాలయాన్ని బహిష్కరించి వెళ్ళినవాడు, ఆ విద్యాలయపు అధికులు ఏ రాజకీయాన్ని నమ్మారో ఆ రాజకీయాన్ని ఒక్కనాడును నమ్మనివాడు, వారికి పెద్ద అయి వచ్చాడు. పగ తీర్చుకొనుటకు ఇంతకు మించిన అవకాశం ఉండదు.

ఆయన ఎవరిని ఏ సభకు వెళ్ళావని అడుగలేదు. పాత అభిప్రాయాలకు ప్రాయశ్చిత్తం కోరలేదు. తరగతులు క్రమంగా జరుగుచున్నవా, గ్రంథాలయానికి పుస్తకాలు వచ్చినవా, ఖాళీ అయిన పదవులకు యోగ్యులు దొరికారా అన్నవే ఆయన ప్రశ్నలు. తోటల మీద ఆయనకున్న మక్కువ ప్రసిద్ధం. గులాబీలను నాటించి, విశ్వవిద్యాలయపు ఆవరణ రూపును మార్చారు. గుండె జబ్బు, కంటి జబ్బు బాధించుచున్నను 1956 వరకు ఆ భారం మోశారు. రజతోత్సవ సభలో ఫలించని మాట ఇక్కడ ఫలించిందని నా నమ్మకం. 1946లో ఆయన లీగు నాయకులను దుర్భాషలాడి ఉంటే, 1948లో లీగు అభిమానులైన అధ్యాపకులు ఆయన గదిలోకి నిర్భయంగా అడుగుపెట్టగలిగేవారా? తమను ఎన్నడును అవమానించని ప్రత్యర్థి కావుననే వారు ఆయనను నమ్మగలిగారు. అలీగఢ్ మూతపడలేదు.

తరువాతి పదవులను గురించి మన విద్యార్థులకు తెలియనిది తక్కువ. 1952లో రాజ్యసభకు నామినేట్ అయినారు. 1957 నుండి 1962 వరకు బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. ఉపరాష్ట్రపతిగా ఐదేండ్లు రాజ్యసభకు అధ్యక్షత వహించి, అన్ని పక్షాల వాదాలను అధ్యక్షపీఠం నుండి వినుట ఆయన నిత్యకృత్యమైంది.

1967 రాష్ట్రపతి ఎన్నికలో మన తెలుగునాటికి నేరుగా సంబంధించిన ఘట్టమొకటి ఉన్నది. పాలకపక్షం జాకిర్ హుస్సేన్‌ను నిలిపింది. ప్రతిపక్షాలు అనేకం కలిసి నిలిపినది రాజమండ్రిలో జన్మించిన కోకా సుబ్బారావు గారిని. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన ఈ మహనీయుడు భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి ఏప్రిల్‌లో రాజీనామా ఇచ్చి పోటీకి దిగారు. పౌరుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతం హరింపజాలదన్న గోలక్‌నాథ్ తీర్పు అదే సంవత్సరం ఫిబ్రవరిలో వెలువడింది. ఆ తీర్పును వ్రాసినవారు ఆయనయే. ఈ విధంగా ఒకవైపు హైదరాబాదులో పుట్టిన విద్యావేత్త, మరొకవైపు రాజమండ్రిలో పుట్టిన న్యాయకోవిదుడు. ఇద్దరిలో ఎవరు ఎన్నికైనను ఆ పదవికి గౌరవమే. తెలుగువారి మనస్సులు ఆ దినాలలో ఎటు మొగ్గవలెనో తెలియక కొంత ఊగిసలాడి ఉండవచ్చును.

అయితే ఆ ఎన్నికలో అందరి నోటను మంచి మాటలే రాలేదు. జాకిర్ హుస్సేన్ యోగ్యతను వదలి మతాన్ని ప్రస్తావించినవారున్నారు. అదే సమయంలో, కాంగ్రెసు రాజకీయాలకు దూరంగా ఉన్న జయప్రకాశ్ నారాయణ్ వంటివారు పక్షభేదం పాటించక ఆయనను బహిరంగంగా సమర్థించారు. ఓట్ల విలువ లెక్కింపగా జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చినవి. మే 13న జాకిర్ హుస్సేన్ రాష్ట్రపతిగా ప్రమాణ స్వీకారం చేశారు. పాలకపక్షం బలం అంతకుముందు జరిగిన సాధారణ ఎన్నికలలో బాగుగా తగ్గి, అనేక రాష్ట్రాలలో ప్రతిపక్ష ప్రభుత్వాలు ఏర్పడిన సంవత్సరమది. అట్టి స్థితిలో ఈ ఆధిక్యం రావలెనంటే ప్రత్యర్థి శిబిరంలో కూడా ఆయనకు కొందరు మిత్రులు ఉండి ఉండాలని నా ఊహ. రహస్య ఓటింగు కావున అంతకు మించి చెప్పరాదు.

రెండేండ్లు నిండకుండగనే, 1969 మే 3వ తేదీన, ఆయన రాష్ట్రపతి భవనంలో ఆకస్మికంగా పరమపదించారు. పదవిలో ఉండగా మరణించిన తొలి రాష్ట్రపతి ఆయనయే. రాజఘాట్ పరిసరాలలో కాక, తాను ఇరువది రెండు సంవత్సరాలు స్వల్పజీతంతో పనిచేసిన జామియా ఆవరణలో ఆయనను ఖననం చేశారు. ఆ ఓఖ్లా ఆవరణకు 1935లో పునాదిరాయి వేయుటకు ఏ నవాబును, ఏ నాయకుని పిలువక, పాఠశాలలోని అందరికంటె చిన్న విద్యార్థి చేత వేయించారు. ఏ పక్షంవారూ ఆక్షేపించుటకు వీలులేని ముఖ్య అతిథి!

తమ్ముడు మహమూద్ హుస్సేన్ మంత్రిపదవి అనంతరం విద్యారంగానికే మరలివచ్చి, ఢాకా విశ్వవిద్యాలయానికి, ఆ తరువాత కరాచీ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడై, 1975లో కన్నుమూశారు. కరాచీ విశ్వవిద్యాలయపు గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. ఢిల్లీలో జామియా గ్రంథాలయం అన్నగారి పేరున ఉన్నది.